మోటార్‌సైకిల్ రేడియేటర్ గార్డ్: సాగర్ రోడ్డు పరిస్థితుల్లో ఎంపిక

ద్రవంతో చల్లబడే ఇంజన్లున్న మోటార్‌సైకిళ్లలో, ముందు చక్రానికీ ఇంజనుకూ నడుమ నిలిపిన రేడియేటర్‌కు రాళ్లు, కంకర, చెత్త తగలకుండా దాని ముఖాన బిగించే జాలిని గాని చిల్లుల రేకును గాని రేడియేటర్ గార్డ్ అంటారు. చూడటానికి ఇది చిన్న పరికరమే అయినా, ఒకదానికొకటి పొసగని రెండు పనులు దీని మీద పడతాయి: రాయిని ఆపాలి, గాలిని ఆపకూడదు. మొదటి పనిలో ఎంత గట్టిదైతే రెండో దానిలో అంత వెనకబడుతుంది కనుక, ఏ బండికి ఏ గార్డ్ తగినదో తేల్చేటప్పుడు దాన్ని తయారుచేసిన సంస్థ పేరు కన్నా బండి తిరిగే దారీ అక్కడి ఎండా ముఖ్యమవుతాయి. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే సాగర్ రోడ్డు మీది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పరిసరాలు ఈ రెండు విషయాల్లోనూ కఠినమైనవే కాబట్టి, ఎంపికలో చూడవలసిన అంశాలను ఇక్కడ ఆ ప్రాంతాన్ని ఆధారం చేసుకొని వివరించడమైనది.

రేడియేటర్ బండికెక్కిన తీరు

శ్రేణిగా తయారై అమ్ముడైన తొలి మోటార్‌సైకిల్‌గా పేరొందిన 1894 నాటి జర్మన్ బండి హిల్డెబ్రాండ్ ఉండ్ వోల్ఫ్‌ముల్లర్ నీటితో చల్లబడేదే. దానికి విడిగా రేడియేటర్ ఉండేది కాదు. వెనుక చక్రం మీది బోలు మడ్‌గార్డే నీటితొట్టిగా పనిచేసి వేడిని బయటికి వదిలేది. ఆ తరువాత ఇంగ్లండ్‌లోని స్కాట్ కంపెనీ బండ్ల వంటి కొన్నింటిని మినహాయిస్తే, సిలిండర్ చుట్టూ పోతపోసిన రెక్కల మీదుగా వీచే గాలితో చల్లబడే ఇంజన్లే దశాబ్దాలపాటు రాజ్యమేలాయి. 1971 నాటి సుజుకి జీటీ750, ఆ దశకం నడుమ వచ్చిన హోండా గోల్డ్‌వింగ్ తరువాతనే ద్రవశీతలీకరణ పెద్ద కంపెనీల బండ్లలో స్థిరపడింది.

భారతదేశంలో బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీ, స్ప్లెండర్ వంటి బండ్లతో పెరిగిన తరాలకు రేడియేటర్ అంటే కార్లకూ లారీలకూ ఉండేది మాత్రమే. 2008లో యమహా ఆర్15, 2012లో కేటీఎం 200 డ్యూక్, అదే ఏడాది బజాజ్ పల్సర్ 200 ఎన్ఎస్ రావడంతో అది మధ్యతరగతి కుర్రకారు బండికి చేరింది. 2023 చివర వచ్చిన హిమాలయన్ 450తో రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా ఈ దారి పట్టింది. 2016 నాటి హిమాలయన్, 2018 నాటి ఇంటర్‌సెప్టర్ 650 బండ్ల ముందు కనిపించేది రేడియేటర్ కాదు, ఇంజన్ ఆయిల్‌నే చల్లార్చే ఆయిల్ కూలర్. అయితే దాని నిర్మాణమూ ఇలాంటిదే గనుక గార్డ్ విషయంలో కింద చెప్పేవన్నీ దానికీ వర్తిస్తాయి. కొన్ని బండ్లకు గార్డ్ కంపెనీ నుంచే వస్తుంది: ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400 ఎక్స్ ఇందుకు ఉదాహరణ. రాయల్ ఎన్‌ఫీల్డ్, కేటీఎం వంటి సంస్థలు దాన్ని విడి ఉపకరణంగా అమ్ముతాయి.

వేడి, గాలి, ఎండ

ఇంధనం మండగా పుట్టే శక్తిలో చక్రానికి చేరేది తక్కువ పాలే. సుమారు మూడో వంతు పొగగొట్టం గుండా పోగా, దాదాపు అంతే భాగాన్ని శీతలీకరణ వ్యవస్థ మోయాలి. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన కూలెంట్ ఇంజన్ గోడల లోపల తిరిగి వేడెక్కి, థర్మోస్టాట్ అనే వేడికి తెరుచుకునే కవాటాన్ని దాటి, రేడియేటర్‌లోని చదునైన సన్నని అల్యూమినియం గొట్టాల్లోకి వస్తుంది. ఆ గొట్టాల నడుమ ఫిన్స్ అనే పలుచని రేకు మడతలు అంటుకొని ఉంటాయి. గొట్టాలూ ఫిన్సూ కలిసిన ఈ భాగాన్ని కోర్ అంటారు. ఫిన్ మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి వేలి గోరుతో నొక్కినా వంగిపోతుంది. కోర్ వెనుక ఉండే ఫ్యాన్, బండి ఆగినప్పుడో మెల్లగా కదులుతున్నప్పుడో గాలిని ముందు నుంచి లాగుతుంది. రేడియేటర్ మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని పెంచి ఉంచడం వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు.

రేడియేటర్ ఎంత వేడిని వదలగలదన్నది, దాని గుండా పోయే గాలి మొత్తంతో పాటు, కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. ఎంపికలో అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసినదీ, అమ్మకందారులు సాధారణంగా ప్రస్తావించనిదీ ఇదే. కూలెంట్ 95 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉందనుకుంటే, 20 డిగ్రీల వాతావరణంలో ఆ తేడా 75 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అది 53 డిగ్రీలే. అంటే అదే బండి, అదే వేగం, అదే గాలి అయినా ఇక్కడి రేడియేటర్ వదలగలిగే వేడి చల్లని దేశంలో వదిలేదానిలో దాదాపు 70 శాతమే. తారు రోడ్డుకు దగ్గరగా ఉండే గాలి నీడలో కొలిచిన ఉష్ణోగ్రత కన్నా ఇంకా వేడిగా ఉంటుందన్నది దీనికి అదనం. యూరప్ కొండదారుల్లో ఏ ఇబ్బందీ పెట్టని చిక్కటి గార్డ్ తెలంగాణ వేసవిలో బండిని హీటెక్కించడానికి కారణం గార్డ్ నాణ్యతలోని లోపం కాదు, మిగులుగా ఉండవలసిన ఆ తేడాను ఎండ ముందే తీసేసుకోవడం.

ఇబ్రహీంపట్నం నుంచి నగరంలోకి వెళ్లే బండి విషయంలో ఇది మరింత తేటపడుతుంది. తుర్కయంజాల్, బీఎన్ రెడ్డి నగర్ దాటి సాగర్ రింగ్ రోడ్డు చౌరస్తాకు చేరేసరికి వేగం పడిపోయి, గాలి పని అంతా ఫ్యాన్ మీద పడుతుంది. ఆ నెమ్మది రద్దీలో రేడియేటర్‌ను పగలగొట్టేంత వేగంతో రాయి ఎగరదు. అటు యాచారం, మాల్ మీదుగా నాగార్జునసాగర్ వైపు వెళ్లేటప్పుడు రాళ్లు ఎగురుతాయి గాని గాలికి కొదవ ఉండదు. గార్డ్ అవసరమైన చోట దాని వల్ల నష్టం తక్కువ, నష్టం ఎక్కువైన చోట దాని అవసరం తక్కువ. అందువల్ల రోజూ ఎల్బీనగర్ దాకా పోయి వచ్చే బండికీ, వారాంతాల్లో సాగర్ పోయే బండికీ ఒకే గార్డ్ సూచించడం సరి కాదు. మొదటి దానికి చాలా సందర్భాల్లో గార్డ్ లేకపోవడమే మేలు.

ఆ దారిలో ఎగిరేవి

కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువుకు పేరుపడ్డ ఇబ్రహీంపట్నం, హైదరాబాద్ నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, గ్రానైట్ గుట్టల నడుమ ఉంది. ఆ గ్రానైటే పరిసరాల్లోని క్వారీలకూ క్రషర్లకూ ముడిసరుకు. నగరం అవుటర్ రింగ్ రోడ్డును దాటి ఆదిబట్ల, బొంగులూరు వైపు పెరిగేకొద్దీ కంకర, రోబో ఇసుక మోసే టిప్పర్లు ఈ దారుల్లో పెరిగాయి. అవుటర్ ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు కాబట్టి, మోటార్‌సైకిళ్లు సర్వీసు రోడ్డులో ఈ టిప్పర్ల వెంటే నడవాలి. మంగల్‌పల్లిలోని సీవీఆర్, ఖానాపూర్‌లోని గురునానక్ వంటి ఇంజనీరింగ్ కళాశాలల చుట్టూ డ్యూక్‌లు, ఆర్15లు, ఎన్ఎస్‌లు తిరిగే దారులూ ఇవే.

టిప్పర్ నుంచి రాలినది రోడ్డు అంచున పేరుకుంటుంది. కాంక్రీటుకు వాడే 20 మిల్లీమీటర్ల కంకర రాయి, గుండ్రంగా ఉందనుకుంటే, సుమారు 11 గ్రాములు తూగుతుంది. 6 మిల్లీమీటర్ల చిప్స్ ముక్క గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తగిలితే పెద్దదాని శక్తి సుమారు 2.7 జౌళ్లు, చిన్నదానిది అందులో దాదాపు 37వ వంతు. అదే పెద్ద రాయి 40 కిలోమీటర్ల వేగంతో తగిలితే దాని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఎదురుగా వచ్చే వాహనం విసిరినదైతే రెండు వేగాలూ కలిసే ప్రమాదం ఉంది. ఈ లెక్క ఎంపికకు నేరుగా పనికివస్తుంది: గొట్టాన్ని పగలగొట్టి కూలెంట్ కారేలా చేయగలిగేది పెద్ద రాయి, చిన్నది ఫిన్స్‌ను వంచడంతో సరిపెడుతుంది. వంగిన ఫిన్స్‌ను సన్నని పనిముట్టుతో ఓపికగా నిటారుగా తీయవచ్చు. కాబట్టి ప్రతి రేణువునూ ఆపాలని సన్న కన్నున్న జాలి కోసం వెతకడం, తక్కువ నష్టాన్ని తప్పించుకోవడానికి ఎక్కువ గాలిని వదులుకోవడమే.

రాళ్ల కన్నా మెత్తనివి ఎక్కువ ఇబ్బంది పెట్టే రుతువులూ ఉన్నాయి. వరి కోతల తరువాత రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం నుంచి లేచే పొట్టు, గడ్డి పరకలు, పత్తి మోసే ట్రాక్టర్ల నుంచి ఎగిరే దూది పోగులు జాలికి అతుక్కుంటాయి. తొలకరి వానల తరువాత సాయంత్రం దీపాల వెలుగుకు గుంపులుగా లేచే ఉసిళ్లూ, చెరువు కట్ట పక్కన మసిలే పురుగులూ ఒక్క ప్రయాణంలోనే కోర్‌ను కప్పివేయగలవు. చెలక నేలల ఎర్ర బురద ఎండి ఫిన్స్ మధ్య గట్టిపడితే, అది గాలిని ఆపడమే కాక లోహం మీద పొరలా నిలిచి వేడి బయటికి రాకుండా చేస్తుంది. గార్డ్ ఉన్నప్పుడు ఈ చెత్తలో కొంత దాని మీదే ఆగి కోర్‌ను కాపాడుతుంది గాని, ఆగినదాన్ని తీయకపోతే కాపాడటానికి పెట్టినదే ఊపిరాడనివ్వదు.

జాలి కన్ను, తీగ మందం

గార్డ్ వైశాల్యంలో తెరిచి ఉన్న భాగం ఎంత శాతమో చెప్పేదాన్ని తెరపు నిష్పత్తి అనవచ్చు. చదరపు కన్నుల తీగ జాలిలో, రెండు తీగల మధ్య ఖాళీని ఒక తీగ మొదలు నుంచి తరువాతి తీగ మొదలు దాకా ఉన్న దూరంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఈ నిష్పత్తి వస్తుంది. పది మిల్లీమీటర్లకొక తీగ చొప్పున, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం తీగతో అల్లిన జాలికి ఇది సుమారు 72 శాతం. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున్న ఆరు మూలల చిల్లులు, వాటి నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడలు ఉన్న రేకుకు సుమారు 71 శాతం. అయిదు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులను ఏడు మిల్లీమీటర్ల దూరంలో కొట్టిన రేకుకు మాత్రం 46 శాతమే. దూరం నుంచి చూస్తే మూడూ ఇంచుమించు ఒకేలా అనిపించడం, పైగా మూడోది మిగిలినవాటి కన్నా ‘దృఢంగా’ కనిపించడం కొనేవారిని తరచు తప్పుదారి పట్టిస్తాయి.

30 శాతం మూసుకున్నంత మాత్రాన గాలి 30 శాతం తగ్గదన్నది కూడా ఇక్కడ చెప్పాలి. గాలి చిల్లుల గుండా వేగం పెంచుకొని పోతుంది. పైగా గాలికి అసలు అడ్డు కోర్ నుంచే ఎక్కువగా వస్తుంది గనుక శుభ్రమైన, తెరపు ఎక్కువున్న గార్డ్ వల్ల కలిగే తగ్గుదల కొంతే. కిటికీకి దోమతెర కట్టినప్పుడు గాలి పూర్తిగా ఆగదు గాని, తెరకు దుమ్ము పట్టేకొద్దీ గదిలో ఉక్క పెరగడం ఇటువంటిదే. సన్న కన్ను త్వరగా పూడుతుంది. అందుచేత ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల కన్ను, 65 శాతానికి తగ్గని తెరపు ఉన్న గార్డ్ ఈ ప్రాంతానికి తగినదని భావించవచ్చు: అది 20 మిల్లీమీటర్ల రాయిని ఆపుతుంది, దుమ్మును పోనిస్తుంది. సంస్థ పేరునో బొమ్మనో మధ్యలో పెద్ద అచ్చుగా ఉంచిన రేకులు అందంగా ఉంటాయి. ఆ అక్షరాలు నిలిచిన మేర కోర్‌కు గాలి అందదు.

బిగింపు

గార్డ్ కోర్‌ను తాకుతూ ఉంటే అది లేనట్టే: రాయి దెబ్బకు వంగిన జాలి నేరుగా ఫిన్స్‌ను నలుపుతుంది, దెబ్బ తగలకపోయినా ఒక సిలిండర్ ఇంజన్ ప్రకంపనలకు రాపిడి పుట్టి గొట్టం అరుగుతుంది. రెంటి మధ్య సుమారు పది మిల్లీమీటర్ల ఎడం ఉండి, బోల్టుల వద్ద రబ్బరు బుష్‌లు ఉండాలి. గార్డ్‌ను రేడియేటర్ బిగింపు బోల్టులకే తగిలించే పద్ధతిలో కంపెనీ బోల్టుకు బదులు కొంచెం పొడవైనది వాడాలి. పాత బోల్టునే నాలుగు చుట్లకు సరిపెడితే కొన్నాళ్లకు మర చెడుతుంది. మరో పరీక్ష తరచు మరచిపోయేది: ముందు సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు మడ్‌గార్డ్ వెనక్కి, పైకి జరిగి రేడియేటర్‌కు చేరువవుతుంది. స్పీడ్ బ్రేకర్ వద్ద గట్టిగా బ్రేకు వేస్తే ఆ ఎడం ఎంత మిగులుతుందో, ఇద్దరు బలంగా ఫోర్క్‌ను అదిమి పట్టి చూసిన తరువాతే గార్డ్ మందం సరిపోతుందో లేదో తెలుస్తుంది. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి వైర్లు, కేబుళ్లు గార్డ్ అంచుకు రాసుకోవడం లేదని కూడా నిర్ధారించుకోవాలి.

పదార్థం గురించి చెప్పవలసింది తక్కువ. అల్యూమినియం రేకు తేలిక, తుప్పు పట్టదు, పెద్ద దెబ్బకు వంగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ సులువుగా వంగదు గాని, అల్యూమినియంతో నేరుగా అంటుకొని తడిసినప్పుడు రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియం తినివేయబడుతుంది, అందుకే నడుమ రబ్బరు గాని నైలాన్ గాని అవసరం. మామూలు ఇనుప జాలికి పౌడర్ కోటింగ్ ఊడిన చోట ఒక వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది. ప్లాస్టిక్ గార్డులు ఎండకు పెళుసుబారతాయి.

మడ్‌గార్డ్ పొడిగింపు

రేడియేటర్‌కు తగిలేదంతా ఎదుటి వాహనం నుంచే వస్తుందన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది గాని, బురదలోనూ సన్న కంకరలోనూ చాలా భాగాన్ని విసిరేది బండి ముందు చక్రమే. టైరు నేలను వదిలే చోట దాని వెనుక భాగం పైకి కదులుతుంది; అక్కడ చిక్కుకున్న రేణువు విడివడి, బండి వేగంతోనే వెనక్కీ పైకీ దూసుకుపోయి కోర్ అడుగు భాగాన్ని తాకుతుంది. రూపం కోసం ముందు మడ్‌గార్డ్‌ను పొట్టిగా చేసిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. మడ్‌గార్డ్ కింది అంచుకు రివెట్లతోనో బలమైన టేపుతోనో తగిలించే ప్లాస్టిక్ పొడిగింపు ఈ ధారను మూలంలోనే ఆపుతుంది, అదీ రేడియేటర్ ముఖానికి ఏ అడ్డూ లేకుండా. ఖర్చు గార్డ్ కన్నా తక్కువ. ఇబ్రహీంపట్నం పరిసరాల్లో నడిచే బండికి మొదట కొనవలసినది ఇదేననీ, గార్డ్ దాని తరువాతి మెట్టనీ చెప్పడం అతిశయోక్తి కాదు.

దొరికే చోట్లు, తరువాతి సంరక్షణ

వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్, కోఠి సమీపంలోని పుత్లీబౌలి, జాంబాగ్ ప్రాంతాల విడిభాగాల దుకాణాలు ఈ ప్రాంతపు వాహనదారులకు అందుబాటులో ఉన్నవి. బండి నమూనాకు సరిపడే గార్డ్ దొరకనప్పుడు వెల్డింగ్ షాపులో జాలి కత్తిరించి చేయించుకోవడం మామూలే. పైన చెప్పిన కన్ను, ఎడం, రబ్బరు బుష్ అనే మూడూ పాటిస్తే అది దుకాణపు వస్తువుకు తీసిపోదు. అయితే రేడియేటర్ బండికి ఉండగానే దాని పక్కన వెల్డింగ్ చేయించకూడదు. అలాగే దూరం పాటించకుండా టై వైర్లతో జాలిని నేరుగా కోర్‌కు కట్టడం కూడా తగదు.

కొత్త గార్డ్ ప్రభావాన్ని అంచనా వేయడానికి ప్రయోగశాల అవసరం లేదు. బిగించక ముందు, తరువాత అదే దారిలో, అదే వేళలో నడిపి, మీటరులోని ఉష్ణోగ్రత గీతలు ఎంత పైకి వెళ్లాయో, చౌరస్తాలో ఆగినప్పుడు ఫ్యాన్ ఎంతసేపు తిరిగిందో గమనిస్తే చాలు. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతున్నా గీత దిగకపోతే, ఆ గార్డ్ ఆ బండికి పనికిరాదు.

వాటర్ సర్వీసింగ్ కేంద్రాల్లో ఒత్తిడి తుపాకీని దగ్గరగా పట్టి రేడియేటర్‌ను కడగడం వల్ల వంగే ఫిన్స్ రాళ్ల వల్ల వంగేవాటికి తక్కువేమీ కావు. గార్డ్‌ను విప్పి, మామూలు కుళాయి ధారతో, వీలైతే కోర్ వెనుక వైపు నుంచి ముందుకు నీళ్లు పోసి చెత్తను నెట్టాలి. రెండు బోల్టులు తీస్తే ఊడివచ్చే గార్డ్‌ను ఎంచుకోవడం ఇందుకే. ట్యాంకు, పక్క పలకలు తీస్తే తప్ప విప్పలేని గార్డ్‌ను ఎవరూ శుభ్రం చేయరు. లోపలి నుంచి వచ్చే చేటును ఏ గార్డూ ఆపలేదు: కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తూ పోతే, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గొట్టాల లోపల పొరగా పేరుకుంటాయి.

చట్టపరంగా చూస్తే, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది; బోల్టుతో బిగించి విప్పగలిగే జాలి ఆ వివరాలను తాకదు. వారంటీ సంగతి వేరు. బయటి గార్డ్ ఉన్న బండి వేడెక్కి ఇంజన్ దెబ్బతింటే, ఆ గార్డే కారణమన్న వాదన సర్వీసు కేంద్రం నుంచి రావచ్చు కాబట్టి, వారంటీ కాలం ముగిసేదాకా కంపెనీ ఉపకరణాల జాబితాలోని గార్డ్‌కే పరిమితం కావడం క్షేమం.

గార్డ్ ఉన్నా రాయి గొట్టాన్ని పగలగొట్టిన సందర్భంలో కింద పడే కూలెంట్ చుక్కల కన్నా ముందు తీపి వాసన తెలుస్తుంది. అప్పుడు ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారిన తరువాతే మూత తీయాలి, లేకుంటే లోపలి ఒత్తిడికి మరిగే ద్రవం పైకి చిమ్ముతుంది. ఎం-సీల్ వంటి ముద్దతో చిన్న రంధ్రాన్ని పూడ్చి దగ్గరి ఊరికి మెల్లగా చేరవచ్చు. శాశ్వతంగా బాగుచేయడానికి మాత్రం అల్యూమినియంకు ఆర్గాన్ వెల్డింగ్ చేసే చోటు వెతకాలి, దెబ్బ గొట్టాల నడుమ లోతుగా తగిలితే రేడియేటర్‌నే మార్చాలి.